పోటు చెప్పని మాసం

బస్సు దిగి, రంగూన్ లత పేటలోని తమ వీధి మలుపు తిరగగానే దుర్గకు మూడో అంతస్తు వసారాలో తల్లి కనబడింది. ఇనుప కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది. దుర్గ ఇరుకు మెట్లు ఎక్కుతుంటే ఆమె మెట్లు దిగుతోంది. రెండో మలుపు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. అచ్చమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుంది. పట్టుకోకపోతే నిలబడలేదని దుర్గకు చూడగానే తెలిసింది.

"సూసావా?" అంది అచ్చమ్మ.

బాగున్నావా అనలేదు. తిన్నావా అనలేదు. ఇరవై ఎనిమిది రోజుల ఎడబాటు తరువాత ఆమె నోట వచ్చిన మాట అదొక్కటే.

దుర్గ చేతిసంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"సూసానమ్మా."

తల్లి చేయి గోడను వదిలేసింది. మెట్టు మీద కూర్చుండిపోయింది. చేతులు జోడించి, పొగకు నల్లబడిన కప్పు కేసి చూస్తూ, "అప్పన్నా, అప్పన్నా" అని రెండుసార్లు అంది. ఆ తరువాత కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం పైకి రాకుండా ఏడ్చింది. ఆ వీధిలో మూడేళ్లుగా ఎవరూ పైకి వినిపించేలా ఏడవడం లేదు.

దుర్గ చెప్పింది అబద్ధం.

*

ఆ అబద్ధం బరువెంతో ఆ ఇంటి ఉప్పుజాడీకి తెలుసు. ఇరవై నెలల కిందట, కొడుకు సత్యప్రసాద్‌ను సిపాయిలు ఇంటి నుంచి తీసుకువెళ్లిన మర్నాడు, అచ్చమ్మ దాని మూతకు గుడ్డ కట్టింది. మిగిలినవారి కూరల్లోకి పక్కింటి నుంచి చిటికెడు తెచ్చుకునేవారు. ఆమెది మాత్రం ఒంటిపూట చప్పిడి కూడు. ఇంటిమనిషి ఒకరు సింహాచలం వెళ్లి, అప్పన్న నిజరూపం కళ్లారా చూసి, కొడుకు పేరు ఆయన ముందు చెప్పుకుని వచ్చేదాకా ఉప్పు ముట్టనని మొక్కు. ఏడాదంతా చందనం పూతలో ఉండే ఆ దేవుడు తన అసలు రూపం చూపేది ఒక్కరోజే: వైశాఖ శుద్ధ తదియ నాడు. ఆ కొండను అచ్చమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె తల్లి చూసింది. చూసి, కడుపులో ఉన్న పిల్లతో సహా ఓడెక్కి రంగూన్ రేవులో దిగింది.

ఎనభై ఎనిమిది ఆగస్టులో సైనిక పాలన పోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చిన రోజుల్లో సత్యప్రసాద్‌కు పదిహేడేళ్లు. ఊరేగింపుల్లో నడిచేవారికి కావిడితో మంచినీళ్లు మోశాడు. అంతే చేశాడు. మరుసటి ఏడు వచ్చి తీసుకువెళ్లారు. ఊరి ఉత్తరాన ఉన్న జైల్లో పెట్టారు. అతని ముందు ఒక కాగితం ఉంచారు: తాను రాళ్లు రువ్వినట్టు, ఫలానా ఇద్దరు మిత్రులు రువ్వించినట్టు. కింద సంతకం పెడితే ఇంటికి పోవచ్చు. అతడు పెట్టలేదు.

తండ్రి లింగరాజు మొదటి ములాఖత్తుకు వెళ్లి, "ఒక్క సంతకం. ఒక్క గీత. గీసీసి ఇంటికి రా" అని కేకలు వేశాడు. కొడుకు తల అడ్డంగా ఊపాడు. ఆనాటి నుంచి లింగరాజు ఆ గేటు దాటలేదు.

లింగరాజు సేక్కాన్ రేవులో ముప్పై నాలుగేళ్లు క్రేను కింద నిలబడి పనిచేసిన సిగ్నల్‌మేన్. పైన కూర్చున్నవాడికి ఓడ కడుపులోని సరుకు కనబడదు. కింద నిలబడ్డవాడి చేయే వాడి కళ్లు. వేలు తిప్పితే ఎత్తు. బొటనవేలు దించితే దించు. చాచిన అరచేయి నేలకేసి తిప్పి కదలకుండా ఉంచితే, బరువును గాలిలో అలాగే నిలుపు, నేను చూస్తున్నాను. క్రేనువాడు ఒక్క గంట కొడితే అర్థమైందని గుర్తు. చిన్నప్పుడు సత్యప్రసాద్ మంచం మీద నిలబడి క్రేను అయ్యేవాడు. తండ్రి చేయి చూసి, కంచం మీద గరిటెతో ఒక్క దెబ్బ కొట్టేవాడు.

ఆ రేవు మనిషి చేతికే ఆ పేటల తెలుగువాళ్ల తిథులు కూడా వచ్చిపడ్డాయి. అరవై ఐదులో గుడి పంతులు గారు, లింగరాజు చెల్లెలు బాలామణి సంసారం, ఇంకా సగం వీధి, ఒకే ఓడలో విశాఖపట్నం వెళ్లిపోయారు. పంతులు గారితో పంచాంగం కూడా వెళ్లిపోయింది. దేశం తలుపులు మూసుకుంది. పోస్టులో పంపించిన పుస్తకం ఒక్కటీ చేరలేదు. పండుగ ఎప్పుడు, తద్దినం ఎప్పుడు అని అడగడానికి మనిషి లేకపోయాడు. అప్పుడు జనం లింగరాజు దగ్గరికి వచ్చారు. అతనికి పోటు తెలుసు. అమావాస్యకు, పౌర్ణమికి నది ఉబికి రేవు మెట్లు ఎన్ని ముంచుతుందో, అష్టమి నాటికి ఎన్ని వదులుతుందో, అతని పాదాలకు తెలుసు. మబ్బు పట్టి చంద్రుడు కనబడని వానాకాలంలో కూడా, మెట్టు మీద నిలబడి, ఇవాళ ద్వాదశి అని చెప్పేవాడు. తప్పేది కాదు. మాసం పేరు కోసం మాత్రం గోడ మీది బర్మా కేలండర్ చూసేవాడు. వాళ్ల కసోన్ మన వైశాఖం. వాళ్లకూ రెండు మూడేళ్లకొక అధికమాసం ఉంది. అది ఎప్పుడు వచ్చినా వాజో నెలకే వస్తుంది. అదే మన అధికమాసమని లింగరాజు అనుకున్నాడు. ఇరవై ఆరేళ్లు అలాగే పెన్సిలుతో గీస్తూ వచ్చాడు.

కాబట్టి ఈ ఏడు, తొంభై ఒకటిలో, కసోన్ తదియ ఏప్రిల్ పదిహేడున వస్తుందని లెక్కకట్టింది అతనే. ఏడాదిన్నర తిరిగి పాస్‌పోర్టు సంపాదించింది అతనే. కూతురు ఇరవై తొమ్మిదో రోజుకు తిరిగి రాకపోతే ఇంటిల్లిపాదీ బాధ్యులమని, కొడుకును చూసే అనుమతి కూడా వదులుకుంటామని పూచీ రాసిందీ అతనే. బర్మావాళ్ల కొత్త ఏటి నీళ్ల పండుగకు రెండు రోజుల ముందు దుర్గను విమానం ఎక్కిస్తూ ఒక్కటే అడిగాడు.

"నాకేటీ ఒద్దు. పంచాంగం ఒకటి తే."

*

కలకత్తాలో దిగి, రైలెక్కి, దుర్గ విశాఖ చేరింది. కంచరపాలెంలో, ఓడలో వచ్చినవారంతా కలిసి కట్టుకున్న బర్మా కేంపులో, మేనత్త బాలామణి ఇల్లు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ బాలామణి, "సందనం ఒలిచేదాకా ఉంటావు కదే?" అంది.

"అందుకే వచ్చాను కదత్తా. ఎల్లుండే కదా."

బాలామణి చేతిలోని గరిటె ఆగింది. "ఎల్లుండేటి?"

"తదియ. వైశాక తదియ."

"ఓలమ్మా! ఇది అదిక వైశాకమే! ఈ ఏడు వైశాకాలు రెండు. దేవుడు రూపం సూపేది రెండో దాంట్లో. ఇంకా నెల్లాళ్లుంది." ఆమె గోడకు వేలాడుతున్న పంచాంగం తెచ్చి ముందు పెట్టింది. ఆ తరువాత మేనకోడలి ముఖం చూసి, నవ్వబోయినదల్లా మానేసింది. "ఉండలేవేటే? ఒక్క నెల?"

"ఉంటే నాన పూచీ పోద్ది అత్తా. తమ్ముణ్ణి సూడ్డానికిచ్చిన కాయితం కూడా పోద్ది."

కంచంలో అన్నం చల్లారిపోయింది.

అయినా తండ్రి చెప్పిన రోజున దుర్గ కొండెక్కింది. సంపెంగల వాసన వేస్తున్న మెట్ల మీద పదిమంది కూడా లేరు. గర్భగుడిలో అప్పన్న చందనంలోనే ఉన్నాడు. ముఖం లేదు, ముక్కు లేదు, కళ్లు లేవు. చెట్టుబెరడు అరగదీసి బుగ్గలకు పూసుకునే తమ వీధి ఆడవాళ్లు గుర్తొచ్చారామెకు. ఆ పూత వెనుక వాళ్ల దిగులు కూడా ఇలాగే కనబడదు. మొక్కులు చెప్పుకునే కప్పస్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని తమ్ముడి పేరు చెప్పింది. కాని తల్లి మొక్కినది అది కాదని తెలుసు.

సాయంత్రాలు బాలామణి ఆమెను సముద్రానికి తీసుకువెళ్లేది. దుర్గ అంతకు ముందు సముద్రం చూడలేదు. నది చూసింది, నదిలోకి వచ్చే పోటు చూసింది. ఆ పోటు ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ చూసింది. ఇసుక మీద వేలమంది ఉన్నారు. ముంత మసాలా అమ్మేవాళ్లు, గుర్రం ఎక్కిన పిల్లలు, పాదాలు తడుపుకుంటున్న ముసలివాళ్లు. ఐదుగురు ఒకచోట కూడితే నేరమయ్యే ఊరి నుంచి వచ్చిన ఆమె, మొదటిరోజు, ఎప్పుడు ఎవరు వచ్చి చెదరగొడతారో అని వెనక్కి వెనక్కి చూసుకుంది. ఎవరూ రాలేదు. చీకటి పడ్డాక జనం తమంతట తామే లేచి, ఇసుక దులుపుకుని, ఇళ్లకు పోయారు.

తిరిగి వచ్చే రోజున బాలామణి రైలు కిటికీ పట్టుకుని, "ఆ నాడు నానెల్తాను. నీ బదులు నాను నిలబడి బాబు పేరు సెప్తాను. మీయమ్మకి సెప్పు" అంది. పంచాంగం కొత్తది ఒకటి కొని ఇచ్చింది. విదేశపు అచ్చుకాగితాలను విమానాశ్రయంలో లాక్కుంటారని దుర్గ దాన్ని సంచీ అడుగున, లోగుడ్డకూ పైగుడ్డకూ మధ్య పెట్టి కుట్టేసింది. కుట్టుపని ఆమె బతుకుతెరువు. వెతికినవాళ్లకు ఆ కుట్టు కనబడలేదు.

తండ్రికి కూడా కనబడలేదు. ఇల్లు చేరిన సాయంత్రం లింగరాజు వచ్చి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "తెచ్చావా?" అన్నాడు.

"ఎయిర్‌పోర్టులో తీసీసుకున్నారు నానా."

"తీసుకుంటారు. ఆళ్లకి మన గుండ్రటి అచ్చరాలు సూస్తే బయం. ఆళ్లవీ గుండ్రటివే కదా, సదివీగలమనుకుంటారు, సదవలేక ఏడుస్తారు." అతడు నవ్వడానికి ప్రయత్నించాడు. లేచి గోడ దగ్గరికి వెళ్లి, కసోన్ తదియ చుట్టూ తాను గీసిన సున్నాను వేలితో తడిమి, "పోనీలే. తిది దక్కింది. అది సాలు" అన్నాడు.

దుర్గ సంచీని మంచం కిందికి నెట్టింది.

*

మర్నాటి పొద్దున్న అచ్చమ్మ స్నానం చేసి, ఉప్పుజాడీ గుడ్డ విప్పింది. ముడి బిగిసిపోయి ఉంది. పళ్లతో లాగింది. వేడి అన్నంలో చింతపండు చారు పోసుకుని, రెండు రాళ్ల ఉప్పు వేసి, మొదటి ముద్ద నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. చెంపల మీదుగా నీళ్లు జారాయి. తింటూనే ఏడ్చింది, ఏడుస్తూనే తింది. దుర్గ ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దనూ తన చేత్తోనే పెడుతున్నట్టు చూసింది.

మధ్యాహ్నం లింగరాజు పాత స్నేహితుడు దండాసి వచ్చాడు. రేవులో క్రేను నడిపినవాడు. మెట్లెక్కి రొప్పుతూ, "ఏటమ్మా, దేవుడు బాగున్నాడా? నన్నేటైనా అడిగాడా?" అన్నాడు.

"నిన్నెందుకు అడుగుతాడు?" అన్నాడు లింగరాజు. "నీ అప్పులోళ్లే నిన్ను అడగడం మానీసారు."

"అందుకే దేవుడైనా అడుగుతాడేమో అని." దండాసి చాప మీద కూలబడ్డాడు. స్నేహితుణ్ణి అతడు బర్మా పద్ధతిలో 'ఊ' అని, అంటే 'గారు' అని, పిలుస్తాడు. "ఆదివారం గుళ్లో అందరూ వస్తారు ఊ లింగరాజూ. ఇరవయ్యారేళ్లలో అక్కడికెల్లి సూసొచ్చినది మన దుర్గొక్కర్తే. అమ్మాయి నిలబడి సెప్పాలి. కొడుకులు పోయిన తల్లులున్నారు, కొడుకులు లోపలున్న తల్లులున్నారు. ఇనాలనుంటాది కదా."

"సెప్తాది," అన్నాడు లింగరాజు.

దుర్గ లోపలికి వెళ్లి కూజా వంచి మంచినీళ్లు పోసుకుంది. గ్లాసు నిండి, పొంగి, చేతి మీదుగా కారుతున్నా పోస్తూనే ఉంది.

శుక్రవారం ములాఖత్తు. పదిహేను రోజులకొకసారి, ఇద్దరికి, పావుగంట. రెండు వరుసల ఇనుప వల. మధ్యలో జానెడు ఖాళీ. సత్యప్రసాద్ అవతలి వల వెనుక వచ్చి నిలబడ్డాడు. గుండు మీద అప్పుడే మొలుస్తున్న జుట్టు. గడ్డం కింద ఎముక.

"బాబూ, మీ యప్ప సూసొచ్చిందిరా," అంది అచ్చమ్మ. ఆమె గొంతులో ఇరవై నెలలుగా లేని బలం. "నిజరూపం సూసి నీ పేరు సెప్పింది. నాను ఉప్పు తిన్నాను. ఇంక నువ్వొచ్చీడమే."

అతడు అక్కకేసి చూశాడు. "సూసావేటప్పా? ఎలాగున్నాడు?"

దుర్గ దేవుడి మాట ఎత్తలేదు.

"సముద్రం సూసాను తమ్మూ," అంది. "ఎంతమందో ఉన్నారు. ఎవళ్లూ ఎవళ్లనీ పొమ్మనలేదు."

అతడు వలకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఆ తరువాత మెల్లగా, "ఆ కాయితం మళ్లీ తెచ్చారు, మొన్న. ఈసారి స్నేయితుల పేర్లు తీసీసారు. నా పేరొక్కటే ఉంది. నా మీదికి నాను రాసుకోడమే. ఎవలికీ నష్టం లేదన్నారు" అన్నాడు.

"మరి పెట్టీరా!" అంది తల్లి.

"రువ్వనేదు కదమ్మా." అతడు చెప్పినది అంతే. గొంతు పెంచలేదు. "నాన్నకి సెప్పు, కోపగించుకోవద్దని."

గంట మోగింది.

*

తిరుగు రైల్లో తల్లి నిద్రపోయింది. దుర్గ భుజం మీద ఆమె తల పిట్ట బరువు కూడా లేదు. ఎవరికీ నష్టం లేదు. ఇల్లు చేరిన నాటి నుంచీ దుర్గ తనకు తాను చెప్పుకుంటున్న మాట కూడా అదే. అమ్మ తిన్నది. నాన్న తిథి నిలబడింది. ఎవరికీ నష్టం లేదు. చూడలేదు, అంతే.

ఇల్లు చేరాక ఆమె మంచం కింది నుంచి సంచీ లాగింది. కత్తెర తీసుకుని వసారాలో కూర్చున్న తండ్రి దగ్గరికి వెళ్లి రెండూ అతని ఒళ్లో పెట్టింది.

"ఈ అడుగు కుట్టు ఇప్పు నానా."

అతడు విప్పాడు. పసుపురంగు అట్ట బయటపడింది. "ఓసి దొంగగుంటా!" అని నవ్వాడు. పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. వాసన చూశాడు. చిన్నపిల్లవాడు పలక మీద వేలు పెట్టినట్టు వేలు పెట్టి, ప్రజోత్పత్తి నామ సంవత్సరం అని కూడబలుక్కుని చదివాడు. చైత్రం పేజీలు తిప్పాడు. వైశాఖం దగ్గర ఆగాడు.

వేలు ఆగింది. కిందికి జరిగింది. మళ్లీ పైకి వచ్చింది. లేచి, గోడ మీది కేలండర్ తెచ్చి పక్కన పరుచుకున్నాడు. ఎదురింటి మేడ నీడ వసారా సగం దాకా పాకింది.

"అచ్చు తప్పయి ఉంటాది," అన్నాడు.

దుర్గ కిందపడ్డ దారపు ముక్కలు ఏరింది.

"నువ్వు కొండెక్కింది ఏ నాడు?"

"నువ్వు సెప్పిన నాడే నానా. సందనంలోనే ఉన్నాడు."

"సూడనేదా?"

"నేదు. తిది తప్పనేదు నానా. పోటు నీకు తిది సరిగ్గానే సెప్పింది. మాసం పేరు అది సెప్పదు కదా."

వెనుక చప్పుడైంది. అచ్చమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆమె కేక పెట్టలేదు. లోపలికి వెళ్లి, ఉప్పుజాడీ తెచ్చి, దుర్గ ముందు నేల మీద పెట్టింది.

"నా నోట్లో ఉప్పు నువ్వే పెట్టావే. కట్టు."

దుర్గ గుడ్డ తెచ్చి మూతకు కట్టింది. కడుతూ, "అసలు నాడు ఇంకా రాలేదమ్మా. ఆరు రోజులుంది. ఆ నాడు అత్త కొండెక్కి తమ్ముడి పేరు సెప్తానంది" అంది.

అచ్చమ్మ వంగి ఆ ముడిని ఇంకాస్త బిగించింది. "బాలామణి ఈ ఇంట పుట్టిన పిల్లే," అంది. "ఇంటిమనిషే. అయితే ఇంకా ఆరు రోజులు." గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

లింగరాజు మాత్రం కదలలేదు. చీకటి పడుతుండగా, పుస్తకం మూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఆదివారం గుళ్లో సూసానని సెప్పీ. ఒక్క మాట. ఎవలికీ నష్టం లేదు. వచ్చే ఏటి నుంచి నేను సరిగ్గా గీస్తాను. ఇన్నేళ్ల పెళ్లిళ్లు, ఇన్నేళ్ల తద్దినాలు... నా మాట మీద సేసుకున్నారు వీళ్లంతా. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని సెప్తాను?"

"ఒక్క సంతకం అని తమ్ముడితో అన్నావు," అంది దుర్గ. "ఒక్క మాట అని నాతో అంటున్నావు."

తండ్రి ఆమె కేసి చూశాడు. ఆమె ఎప్పుడూ తండ్రికి అలా ఎదురు చెప్పినది కాదు.

మరునాడు తెల్లవారకముందే అతడు లేచి సేక్కాన్ రేవుకు వెళ్లాడు. దుర్గ దూరంగా వెనుక నడిచింది. అతడు మెట్ల మీద కూర్చుని నీళ్లకేసి చూశాడు. అమావాస్య దగ్గరపడుతోంది. నీరు ఒక్కొక్క మెట్టే మింగుతూ పైకి వచ్చింది, పాదాలు తడిపింది. అతడు పాదాలు వెనక్కి తీసుకోలేదు.

*

ఆదివారం గుళ్లో దుర్గ లేవబోతుంటే లింగరాజు ఆమె భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టాడు. తానే లేచాడు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా కూతురు నిజరూపం సూడనేదు. సూడకపోడం దాని తప్పు కాదు. నాను పంపిన నాడు తప్పు. ఇరవయ్యారేళ్లుగా నాను సెప్పిన తిదులు సరైనవి. మాసాలు కొన్నేళ్లు తప్పాయి. బర్మావాళ్ల అదికమాసం, మనదీ ఒకటే అనుకున్నాను. కాదు. మనది ఏ నెల్లోనైనా రావొచ్చు. పెద్దలకి పెట్టిన తద్దినాలు కొన్ని నెల తేడాలో జరిగాయి. ఆ తప్పు నాది. మీది కాదు, పెద్దల్ది కాదు." పంచాంగం ఎత్తి చూపించాడు. "ఇదిగో. ఇంకనుంచి దీన్ని బట్టే సెప్తాను. నా చేత సెప్పించుకోడం ఇష్టం లేనోళ్లు ఎవలి చేతైనా సదివించుకోండి."

ఒక ముసలమ్మ ముక్కు చీదింది.

"అయితే ఊ లింగరాజూ," అన్నాడు దండాసి వెనుక వరుస నుంచి, "మా పెద్దోడి పెళ్లి కూడా నెల తేడాలో సేయించావన్నమాట. మా కోడలి నోరు అలాగెందుకుందో నాకు ఇప్పుడు తెలిసింది."

ఎవరో నవ్వారు. నవ్వినందుకు సిగ్గుపడి ఆపుకున్నారు. మరొకరు ఆపుకోలేకపోయారు.

"మా ఆయనికి నెల ముందే బోజనం ఎట్టీసానా?" అంది ముక్కు చీదిన ముసలమ్మ.

"ముందే ఎడితే సచ్చినోళ్లు ఒద్దంటారేటి మామ్మా," అన్నాడు దండాసి. ఆ తరువాత లేచి, కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చి, లింగరాజు పక్కన నిలబడ్డాడు. ఇంకేమీ అనలేదు.

గురువారం నిజమైన తదియ. విశాఖలో ఆ వేళకు బాలామణి ఎంత పొడుగు వరుసలో నిలబడి ఉందో, లోపలికి ఎప్పుడు చేరిందో వాళ్లకు తెలిసే దారి లేదు. ఉత్తరం వస్తే రెండు నెలలకు వస్తుంది. పొద్దు వాలేదాకా అచ్చమ్మ పచ్చినీళ్లు కూడా ముట్టలేదు. దీపం పెట్టాక జాడీ గుడ్డ విప్పింది. ఈసారి ఏడవలేదు. తన ముద్ద కలుపుకునే ముందు, దుర్గ కంచంలో చిటికెడు వేసింది.

*

తరువాతి ములాఖత్తు రోజున అచ్చమ్మ, "ఇద్దరికే కదా. మీరెల్లండి" అని వసారాలో ఉండిపోయింది.

లింగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇరవై నెలల తరువాత కొడుకు వల వెనుక వచ్చి నిలబడితే, అతడు ఆ ఎముకలకేసి చూసి, చూడలేక, నేలకేసి చూశాడు.

సత్యప్రసాద్ ముఖం బిగుసుకుంది. తండ్రి ఎందుకు వచ్చాడో తనకు తెలుసన్నట్టు నిలబడ్డాడు.

"తమ్మూ," అంది దుర్గ, "నేను నిజరూపం సూడనేదురా. అబద్దం ఆడాను. నాన సెప్పిన నాడు తప్పు. నెల్లాళ్లు ముందెల్లాను. అసలు నాడు అత్త ఎల్లింది."

అతడు కళ్లు పెద్దవి చేశాడు. "నాన్న తిది తప్పా?"

"తిది కాదు. మాసం."

సత్యప్రసాద్ నవ్వాడు. ఆ గదిలో నవ్వు వినబడగానే కాపలావాడు తల తిప్పి చూశాడు. అతడు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తరువాత నవ్వు దిగిపోయింది. "నాన్న ఒప్పుకున్నాడేటి?"

"గుళ్లో నిలబడి. అందరి ముందూ."

సత్యప్రసాద్ తండ్రికేసి తిరిగాడు. తండ్రి ఇప్పుడు తల ఎత్తాడు. ఇద్దరి మధ్య రెండు వలలు, జానెడు ఖాళీ.

"కాయితం మళ్లీ తెస్తారంట, నెలాఖరికి," అన్నాడు సత్యప్రసాద్. ఏదో అడుగుతున్నట్టు అన్నాడు.

లింగరాజు ఒక అడుగు ముందుకు వేశాడు. గంట మోగింది. అవతలి వరుసలో ఖైదీలు వెనుదిరుగుతున్నారు. కాపలావాడు సత్యప్రసాద్ భుజం మీద చేయి వేశాడు.

అప్పుడు లింగరాజు కుడిచేయి ముందుకు చాచాడు. అరచేయి నేలకేసి తిప్పాడు. అది వణకలేదు. గాలిలో అలాగే నిలిపి ఉంచాడు.

వెనుదిరగబోతున్న సత్యప్రసాద్ ఆగాడు. ఆ చేతికేసి చూశాడు. చూపుడువేలు మడిచి, కణుపుతో, ఇనుప వల మీద ఒక్కసారి కొట్టాడు.